పట్టపుటేనుగు – కొత్తదా, పాతదా?

ఏనుగు చచ్చినా బతికినా వెయ్యి వరహాలే అని మన పెద్దలు అన్నారు. నిజమైన ఏనుగు విషయంలో ఆ మాట నిజమో కాదో నాకు తెలియదు గాని, కార్లలో ఒక పట్టపుటేనుగు ఉంది; దాని విషయంలో మాత్రం అది శుద్ధ అబద్ధం. బతికుండగానే, మన ఇంటి ముందు మెరుస్తూ నిలబడి ఉండగానే, రోజురోజుకూ దాని వరహాలు కరిగిపోతూ ఉంటాయి. ఈ టపా ఆ ఏనుగును గురించి.

ఇంగ్లీషువారు దీనిని ఫ్లాగ్‌షిప్ అంటారు. సేనాని ఎక్కిన ఓడ మీద అతని పతాకం ఎగురుతుంది కనుక ఆ పేరు వచ్చింది. ఒక్కొక్క కంపెనీ తనకు చేతనైన పనితనమంతా పోసి తయారుచేసే పెద్ద సెడాన్‌కు ఇప్పుడు ఆ పేరు పెట్టుకున్నారు. మెర్సిడెస్ బెంజ్‌కు ఎస్-క్లాస్, బీఎండబ్ల్యూకు 7 సిరీస్, ఆడికి ఏ8, లెక్సస్‌కు ఎల్ఎస్ అటువంటివి. మక్కికి మక్కిగా పతాకనౌక అనవచ్చును. కాని రోడ్డు మీద తిరిగేదాన్ని నౌక అనడానికి నాకు నోరు రావడం లేదు. రాజుగారు అంబారీ కట్టించి ఎక్కేది పట్టపుటేనుగు. మనకు ఆ మాట చాలు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఈ ఏనుగుల ప్రసక్తి ఏమిటని మీరు అడగవచ్చు. కొంతకాలం క్రితమైతే నేనూ అడిగేవాడినే. ఇప్పుడు కాలం మారింది. ఒకప్పటి 5వ నంబరు, ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి ఇచ్ఛాపురం నుండి విశాఖ దాకా వెడల్పుగా పరచుకుంది. 2023 మే 3న భోగాపురంలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. చుట్టుపట్ల జీడితోటలకు, సరుగుడు తోటలకు ఎన్నడూ లేని ధరలు వచ్చాయి. ఒకప్పుడు రంగూనుకూ ఖరగ్‌పూరుకూ వలసపోయిన కుటుంబాల మనుమలు ఇప్పుడు టెక్సాస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్నారు. వారి తల్లిదండ్రులు మాత్రం ఇక్కడే ఉన్నారు. అసలు ప్రశ్న అక్కడ పుడుతున్నది.

మా మేనల్లుడొకడు టెక్సాస్‌లో ఉంటాడు. వాళ్ళ అమ్మ, అంటే మా అక్క, బావగారితో కలిసి టెక్కలి దగ్గర పల్లెలో ఉంటుంది. ఇద్దరికీ డెబ్బై దాటాయి. అక్కకు నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి. నెలకొకసారి విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళి రావాలి. వెళ్ళడానికే నూట యాభై కిలోమీటర్ల పైన. వాడు ఫోనులో అడిగిన ప్రశ్న ఇది: "మావయ్యా, అమ్మకి కుదుపు తెలియని బండి కావాలి. కొత్త ఎస్-క్లాస్ నా వల్ల కాదు గాని, ఆరేడేళ్ళ పాతదయితే ఒక మంచి కొత్త వ్యాను ధరకే వచ్చేస్తుంది. ఏది కొనమంటావు?"

వాడి వాదం అమెరికాలో ఉన్నవారందరికీ తెలిసినదే. అటువంటి కారు మొదటి నాలుగైదేళ్ళలోనే సగానికి సగం విలువ పోగొట్టుకుంటుంది. ఆ నష్టాన్ని మొదటి యజమాని భరిస్తాడు; సుఖం రెండవ యజమాని అనుభవిస్తాడు. వాదంలో తర్కదోషం లేదు. అయితే టెక్సాస్‌లో ఒప్పయినది టెక్కలిలో తప్పు కావచ్చును. ఎందుకో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు ఆ ఏనుగుకు న్యాయం చేయాలి. దానిని ఉత్త ఆడంబరమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. చక్రాలకు ఇనుప స్ప్రింగులకు బదులు గాలి తిత్తులు, రెండు పొరల అద్దాలు, వెనుక కూర్చున్నవారు కాళ్ళు చాపుకొని నడుము వాల్చుకునే ఆసనం, ఇవన్నీ నిజమైన సుఖాలు. అంతకంటె ముఖ్యం, ప్రాణరక్షణకు పనికివచ్చే కొత్త ఏర్పాట్లు చాలావరకు మొదట ఈ కార్లలోకే వస్తాయి. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో ఎస్-క్లాస్‌లో వచ్చింది. డ్రైవరు ఎదుట విచ్చుకునే ఎయిర్‌బ్యాగు 1981లో అందులోనే వచ్చింది. మన దేశంలో అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయినది 2019లో. అంటే రాజుగారి ఏనుగు మీద ఉన్నది రైతు బండికి రావడానికి 41 సంవత్సరాలు పట్టింది.

కాని ఈ చరిత్రలోనే పాత ఏనుగుకు వ్యతిరేకంగా ఒక వాదం దాగి ఉంది. ఇప్పుడు ఆ వ్యవధి బాగా తగ్గిపోయింది. పదేళ్ళ క్రితం పట్టపుటేనుగులో మాత్రమే ఉన్నవి అనేకం నేడు పదిహేను, ఇరవై లక్షల కార్లలో దొరుకుతున్నాయి. పాతదానిని కొనేవారు రేపటి వస్తువును చవకగా కొనడం లేదు, నిన్నటి వస్తువును కొంటున్నారు.

ఇక లెక్కలు. ముందు కొత్తది. ఇటువంటి కార్ల మీద మొన్నమొన్నటి దాకా జీఎస్టీ, సెస్సు కలిపి 48 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి సెస్సు తీసేసి 40 శాతం చేశారు. దాని పైన రాష్ట్రానికి జీవితకాల పన్ను, బీమా. లెక్క తేలికగా ఉండడం కోసం కారు ధర రెండు కోట్లు అనుకుందాం. బీమా కంపెనీలు వాహనం విలువ కట్టడానికి వాడే పట్టిక ఒకటి ఉంది. దాని ప్రకారం ఏడాది లోపే 15 శాతం, రెండేళ్ళకు 20, మూడేళ్ళకు 30, నాలుగేళ్ళకు 40, అయిదేళ్ళకు 50 శాతం విలువ పోతుంది. అంటే అయిదేళ్ళలో కోటి రూపాయలు. ఏడాదికి 20 లక్షలు. రోజుకు సుమారు 5,480 రూపాయలు, కారు షెడ్డులోంచి కదలకపోయినా.

ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు 200 రూపాయలు పడుతుంది. శ్రీకాకుళం నుండి విశాఖకు వెళ్ళి రావడం సుమారు 220 కిలోమీటర్లు. అరుగుదల ఒక్కటే 44,000 రూపాయలు. పెట్రోలు, డ్రైవరు, టోలుగేటు దీనిలో చేరలేదు. మా అక్కలాంటి వారు ఏడాదికి నాలుగు వేలు తిరిగితే గొప్ప. వారికి కిలోమీటరు 500 రూపాయలు. ఈ సంఖ్యలు చదివి కూడా మనసు చలించని ధనవంతులకు నేను చెప్పవలసినది ఏమీ లేదు. వారు కొత్తదే కొనుక్కోవాలి. వారెంటీ ఉంటుంది, కంపెనీ మనిషి వస్తాడు, చెడిపోతే పట్టుకుపోతాడు.

పాతదాని లెక్క వేరు. అక్కడే మన మధ్యతరగతి తెలివి బోల్తా పడుతుంది. కోటిన్నర కారు యాభై లక్షలకు దొరికిందనుకోండి. కారు ధర తగ్గింది గాని దాని విడిభాగాల ధర తగ్గలేదు. గాలి తిత్తి చిట్లితే, దానికి గాలి కొట్టే కంప్రెసరు పోతే, ముందు దీపం పగిలితే, వచ్చే బిల్లు కోటిన్నర కారు బిల్లే. పూణె దగ్గరో మద్రాసు దగ్గరో ఈ కార్లను బిగిస్తున్నా, అనేక భాగాలు పరదేశం నుండే రావాలి. బీమా ఉంది గదా అంటారేమో. పడవో, గుద్దుకొనో చెడిపోతేనే బీమా; అరిగిపోతే కాదు. ప్రమాదంలో దెబ్బతిన్నా మామూలు పాలసీలో రబ్బరుకు, ప్లాస్టిక్కుకు సగం ధరే ఇస్తారు. ఈ కార్లలో రబ్బరు, ప్లాస్టిక్కు లేనిది ఏముంది? పూర్తి సొమ్ము ఇచ్చే జీరో డిప్రిసియేషన్ పాలసీని బండి వయసు పెరిగే కొద్దీ కంపెనీలు అంత సులువుగా ఇవ్వవు.

ఈ పాత ఏనుగులు ఎక్కడ నుండి వస్తాయో కూడా చూడాలి. కొన్ని ఢిల్లీ నుండి వస్తాయి. పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. 2025లో కోర్టు ఆ పట్టును కొంత సడలించినా, అంతకు ముందే ఎన్నో బండ్లు అయినకాడికి అమ్ముడుపోయి దక్షిణానికి దిగాయి. పరాయి రాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. అక్కడి రవాణా కార్యాలయం నుండి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తేవాలి, బండి వయసును బట్టి ఇక్కడ మళ్ళీ జీవితకాల పన్ను కట్టాలి. అమ్మేవాడు చెప్పే ధరలో ఇది ఎన్నడూ ఉండదు.

మరికొన్ని నీళ్ళలోంచి వస్తాయి. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు వేలాది కార్లు మునిగాయి. బీమా కంపెనీలు వాటిని వేలం వేశాయి. వేలంలో కొన్నవారు వాటిని ఎండబెట్టి, తుడిచి, తిరిగి అమ్మకానికి పెట్టడం వింత కాదు. ప్రతి వాయుగుండానికీ తీరప్రాంతంలో ఎక్కడో ఒకచోట ఇదే జరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌నూ, 2018 అక్టోబరు 11న తిత్లీనీ చూసిన మనకు నీరు ఏమి చేయగలదో వేరే చెప్పనక్కరలేదు. పాత కారు చూడడానికి వెళ్ళినప్పుడు సీటుబెల్టును చివరిదాకా బయటకు లాగి చూడండి. మునిగిన కారైతే బురద చార కనిపించవచ్చును. కాళ్ళ దగ్గర తివాచీ ఎత్తి, సీటు పట్టాల కింద తుప్పు ఉందేమో చూడండి. లోపల అత్తరు వాసన మరీ గుప్పుమంటే అనుమానించండి.

ఇంత జాగ్రత్తగా కొన్నా, తెచ్చి కట్టేసేది ఎక్కడ? మన ఊళ్ళో. కొత్త 7 సిరీస్ పొడవు 5.39 మీటర్లు, వెడల్పు అద్దాలు కాక 1.95 మీటర్లు. మన పాత అంబాసిడరు కంటె మీటరుకు పైగా పొడవు. విజయనగరం గంటస్తంభం దగ్గరి వీధులలో గాని, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో సాయంకాలం గాని దీనిని తిప్పగలవాడు ఘనుడు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడో, అరసవల్లి రథసప్తమి నాడో బయటకు తీస్తే దేవుడే దిక్కు. రహదారి దిగి పల్లెవైపు మళ్ళగానే స్పీడుబ్రేకర్లు, అవి దాటితే రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, మినుములు, చోళ్ళు. ఆ కారు పొట్ట నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. పైకి లేపే మీట ఉంటుంది గాని, ఆ లేపేది కూడా పైన చెప్పిన గాలి తిత్తే.

సర్వీసుకు విశాఖ వెళ్ళాలి. సర్వీసు చేయించడానికి వెళ్ళడం ఒక ఎత్తు. కదలనని మొరాయించిన బండిని టెక్కలి నుండి లారీ మీద ఎక్కించుకుపోవడం మరొక ఎత్తు. వారానికొకసారి తిప్పితే బ్యాటరీ దిగిపోతుంది. డీజిలుదైతే పొగగొట్టంలోని మసి జల్లెడ చిన్న చిన్న ప్రయాణాలతో పూడుకుపోతుంది. పెట్రోలుదైతే, ఇప్పుడు బంకులలో దొరికేది 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు. పాత కార్లలో అధికభాగం దానికోసం చేసినవి కావు. కళింగపట్నం, బారువల దగ్గర ఉప్పుగాలి ఉంది. పొలాల దగ్గర ఎలుకలు ఉన్నాయి. వైర్లు కొరికే ఎలుకకు మారుతీ అయినా బెంజి అయినా ఒకటే రుచి. మరమ్మతు మాత్రం ఒకటి కాదు.

ఇంకొకటి, నడిపేదెవరు? ఈ కారు సుఖమంతా వెనుక సీటులో ఉంది. బావగారు నడపలేరు. ఊళ్ళో కుర్రవాడు నడపాలి. వాడి పదేళ్ళ జీతం పోసినా తీరని గీత ఒకటి పడుతుందేమోనని వాడికి భయం. పడితే ఏమనాలో తెలియక వీరికి భయం. ఇరుపక్షాలూ భయపడుతూ కూర్చునే బండిలో సుఖం ఎక్కడిది?

ఇదంతా నేను మేనల్లుడికి చెప్పాను. వాడు విన్నాడు గాని ఒప్పుకోలేదు. వాడిని ఒప్పించినది అక్కే. ఆవిడ ఒక పెళ్ళికి విశాఖ వెళ్ళినప్పుడు ఎవరిదో అటువంటి కారులో కూర్చుందట. మెత్తగా ఉందా అని అడిగితే, "మెత్తగానే ఉంది గాని, అంత కిందకి కూకుంటే మళ్ళీ లేపేదెవులురా?" అంది. ఆ ఒక్క మాటలో నా లెక్కలన్నిటికంటె ఎక్కువ విషయం ఉంది. మోకాళ్ళు అరిగినవారికి దారిలో కుదుపు రెండవ బాధ. ఎక్కడం, దిగడం మొదటి బాధ. సెడాన్ ఎంత గొప్పదైతే అంత కిందకు ఉంటుంది. వారికి కావలసినది తుంటి ఎత్తున ఉండే సీటు: వంగకుండా, ఎక్కకుండా, పక్కకు జరిగి కూర్చునేది. తలుపు పైన పట్టుకోవడానికి ఒక పిడి. అటువంటి కారు సెడాన్‌లలో కాదు, కాస్త ఎత్తైన కుటుంబపు బండ్లలో దొరుకుతుంది; ధర ఇందులో ఆరో వంతో, ఎనిమిదో వంతో.

ఇక్కడితో ఆపవచ్చును గాని, నిజాయతీగా మాట్లాడుకుంటే, ఇటువంటి కారు కొనేవారి కోరికలో నడుము నొప్పి సగమే. మిగిలిన సగం, నలుగురూ చూడాలి అన్నది. దానిని నేను వెక్కిరించను. వెనుకబడిన జిల్లాలు అన్న పేరు మోసి మోసి అలసిన ప్రాంతం మనది. కూలికి వలసపోయిన ఇంటి నుండి వచ్చిన కుర్రవాడు, ఊరందరి ఎదుట తన తల్లి అటువంటి కారు దిగాలని కోరుకోవడంలో తప్పేముంది? అది అహంకారం కాదు, బాకీ తీర్చుకోవడం.

అయితే దర్పాన్ని గురించి మన విజయనగరానికి కాస్త అనుభవం ఉంది. 1936లో విజ్జీ భారత క్రికెట్ జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళినప్పుడు వెంట 36 సామాను పెట్టెలు, ఇద్దరు నౌకర్లు ఉన్నారని చెబుతారు. మూడు టెస్టులలో ఆయన చేసినవి మొత్తం 33 పరుగులు. అదే వంశంలో పి.వి.జి. రాజుగారు 1958లో మాన్సాస్ స్థాపించి, కోటను చదువులకు వదిలేశారు. ఈ ఇద్దరిలో ఊరు ఎవరిని ఎలా తలుచుకుంటుందో నేను చెప్పనక్కరలేదు. అప్పు చేసి డాబు నిలబెట్టుకోవడం ఎలాగో చూపించిన గిరీశం కూడా మన ఊరివాడే. వాయిదాల మీద కొన్న పాత పట్టపుటేనుగును చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తుకు వస్తాడు. పైగా ఆ డాబు మోయవలసినది టెక్సాస్‌లో ఉన్న కొడుకు కాదు, ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులు. ప్రతి పెళ్ళికీ కారు అడుగుతారు. ఇస్తే కారుకు భయం, ఇవ్వకపోతే చుట్టరికానికి భయం. కూరగాయల ధర కూడా పెరుగుతుంది.

కనుక నా అభిప్రాయం ఇది. పాత పట్టపుటేనుగును కొనదగినవారు ఉన్నారు. వారు విశాఖలోనో హైదరాబాదులోనో మరమ్మతు చేసేవారికి దగ్గరగా ఉండాలి. కారుకు కంపెనీ వారెంటీ ఇంకా మిగిలి ఉండాలి, లేదా పొడిగించుకునే వీలుండాలి. సర్వీసు చరిత్ర మొదటి నుండి కాగితం మీద కనిపించాలి. బండి మన రాష్ట్రానిదే అయితే మేలు. కొన్న ధరలో అయిదవ వంతు ఏటా మరమ్మతుకు పక్కన పెట్టగలగాలి. ఖర్చు కాకపోతే అదృష్టం. ఇంట్లో మామూలు కారు మరొకటి ఉండాలి. వీటిలో ఏ రెండు లేకపోయినా ఆ బేరం వదులుకోవడమే మంచిది. టెక్కలిలో, పాలకొండలో, బొబ్బిలిలో ఉన్న పెద్దవారి కోసమైతే అసలు ఆ ఆలోచనే వద్దు. ఎత్తైన సీటు ఉన్న కొత్త మామూలు బండి కొనండి. మిగిలిన సొమ్ములో కొంత మంచి డ్రైవరుకు మంచి జీతంగా ఇవ్వండి. కుదుపు తగ్గేది డ్రైవరు పాదంలో. గాలి తిత్తులు ఆ తరువాత.

పూర్వం పట్టపుటేనుగు రాజుగారింట నిలిచిందంటే, దానికి మావటి, మేత, చెరువు, వైద్యుడు అన్నీ ఆ కోటలోనే ఉండేవి కనుక నిలిచింది. ఏనుగును మాత్రం తెచ్చుకొని మిగిలినవి విశాఖలో ఉంచుకోవడం కుదిరే పని కాదు.

దూరదేశాలలో ఉండి ఇది చదువుతున్న మిత్రులకు ఒక విన్నపం. ఏ కారు కొనాలని మమ్మల్ని అడిగే ముందు మీ అమ్మగారిని అడగండి, ఎంత ఎత్తు కుర్చీలోంచి ఆవిడ ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలరో. టేపు పెట్టి కొలవండి. ఇక, ఈ రెండు జిల్లాలలోనే ఉంటూ పాత పట్టపుటేనుగును ఏళ్ళ తరబడి సుఖంగా నడుపుకుంటున్నవారు ఎవరైనా ఉంటే, మరమ్మతు లెక్కలతో సహా రాయండి. అభిప్రాయం మార్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. లెక్కలు మాత్రం చూపించాలి.